ఇసుకలోకి దిగిన పన్నెండు సిలిండర్లు

ఎల్ఎం002 గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒక్క మాటతో సరిపెడతారు: లంబోర్గిని వాళ్లు కౌంటాచ్ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌ను తీసి జీపులాంటి బండిలో పెట్టారని. మాట అబద్ధం కాదు. కానీ ఆ ఇంజిన్ అక్కడికి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది. చేరాక దాని పని తీరూ మారింది. నాకు ఆసక్తి కలిగించేది ఆ మార్పే.

కథ 1977 జెనీవా మోటార్ షోలో చూపించిన చీతాతో మొదలవుతుంది. సైన్యాలకు అమ్మాలనే ఉద్దేశంతో చేసిన ఆ బండిలో ఉన్నది సొంత ఇంజిన్ కాదు, క్రైస్లర్ వారి 5.9 లీటర్ల వి8, అంటే ‘వి’ ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. దాన్ని వెనక బిగించారు. 1981 నాటి ఎల్ఎం001లోనూ ఇంజిన్ వెనకే. రోడ్డు మీద ఆ అమరిక బాగానే పనిచేస్తుంది, వెనక చక్రాలకు పట్టు దొరుకుతుంది. ఎత్తయిన ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు చూడండి. ఏ బండికైనా ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది. అసలే వెనక బరువుగా ఉన్న బండికి ముందు చక్రాలు ఇంకా తేలికైపోతాయి. స్టీరింగ్ ఎంత తిప్పినా నేలను పట్టుకోని చక్రం బండిని మళ్లించలేదు. నాలుగు చక్రాలకూ శక్తి పంపి ఏం లాభం, రెండింటికి పట్టే లేనప్పుడు?

1982లో ఇంజిన్ ముందుకొచ్చింది. ఆ నమూనా పేరు ఎల్ఎంఏ. చివరి అక్షరం ఇటాలియన్‌లో ‘ముందు’ అనే మాటకు గుర్తు. వి8 పోయి కౌంటాచ్ 4.8 లీటర్ల వి12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజిన్, వచ్చింది. మధ్యలో 150 హార్స్ పవర్ డీజిల్‌తో కూడా ఒక ప్రయత్నం చేశారు, అంత బరువుకు అది చాలలేదు. 1986లో అమ్మకానికి వచ్చిన ఎల్ఎం002లో ఉన్నది పెద్దదైన వి12. పిస్టన్ వ్యాసం మునుపటిలాగే 85.5 మిల్లీమీటర్లు. అది పైకీ కిందికీ కదిలే దూరం మాత్రం 69 నుంచి 75 మిల్లీమీటర్లకు పెరిగింది. అలా 4754 సీసీ కాస్తా 5167 అయింది. సిలిండర్‌కు నాలుగు చొప్పున మొత్తం 48 వాల్వులు.

ఇదే ఇంజిన్ కౌంటాచ్‌లో ఎలా కూర్చుందో చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, గేర్ బాక్స్ మాత్రం దాని ముందు, రెండు సీట్ల నడుమకు చొచ్చుకొచ్చి ఉంటుంది. శక్తి ముందుగా ముందుకు పోయి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ గుండా వెళ్లే ఒక షాఫ్ట్ మీదుగా మళ్లీ వెనక చక్రాలకు రావాలి. కారు పొట్టిగా ఉండటానికి, బరువు మధ్యలో నిలవడానికి వేసిన అద్భుతమైన ఎత్తు అది. ఎల్ఎం002లో ఆ చుట్టుదారితో పని లేదు. ఇంజిన్ ముందు, దాని వెనక గేర్ బాక్స్, అక్కడి నుంచి ముందు వెనక చక్రాలకు శక్తి పంచే అమరిక. కౌంటాచ్‌తో పోలిస్తే ఇంజిన్ అటుది ఇటు తిరిగి కూర్చుందన్నమాట.

కాగితం మీద హార్స్ పవర్ అంకెలు దాదాపు ఒకటే, రెండింటికీ 450 చుట్టుపక్కల. అందుకే హార్స్ పవర్ చూసి బండిని అంచనా వేయడం తప్పంటాను. చూడాల్సింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. రెండింటిలోనూ గరిష్ఠ టార్క్ 500 న్యూటన్ మీటర్లే. కౌంటాచ్‌లో అది నిమిషానికి 5200 చుట్ల దగ్గర దొరికితే, ఎల్ఎం002లో 4500 దగ్గరే దొరుకుతుంది. కౌంటాచ్ బరువు సుమారు 1500 కిలోలు, ఇది సుమారు 2700 కిలోలు. మెత్తటి ఇసుకలో ఇంత బరువును కదిలించాలంటే బలం చుట్లు తక్కువగా ఉన్నప్పుడే అందాలి. ఇంజిన్ వేగం అందుకునేదాకా ఆగితే ఈలోపు చక్రాలు గిర్రున తిరిగి తమ గుంత తామే తవ్వుకుంటాయి.

గాలి, పెట్రోలు కలిపే పని ఆరు వెబర్ కార్బ్యురేటర్లది. ఒక్కోదానికి రెండు గొంతులు, అంటే సిలిండర్‌కు ఒకటి. అవి ఇంజిన్ నెత్తిన నిలువుగా కూర్చోవడం వల్లే బానెట్ మీద ఆ పెద్ద ఉబ్బు. కార్బ్యురేటర్ లోపల చిన్న పెట్రోలు గిన్నె, అందులో తేలే ఒక ఫ్లోట్ ఉంటాయి. పెట్రోలు తగ్గితే ఫ్లోట్ కిందికి దిగి సూది వాల్వును తెరుస్తుంది, నిండితే పైకి లేచి మూసేస్తుంది. చదును రోడ్డు మీద ఇది గడియారంలా నడుస్తుంది. బండి నిటారుగా దిబ్బ ఎక్కుతున్నా, పక్కకు ఒరిగినా గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు చేరుతుంది. అప్పుడు మిశ్రమం చిక్కబడవచ్చు, పలచబడవచ్చు. ఒక చిన్న గిన్నెలోని మట్టం పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌ను తడబడేలా చేయగలదు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు ఈ బాధ లేదు, ఎందుకంటే అందులో పెట్రోలు పంపు ఒత్తిడితో వస్తుంది, ద్రవం మట్టంతో పని లేదు. తర్వాతి కాలపు ఎల్ఎం002లలో అదే చోటు చేసుకుంది.

ఈ ఇంజిన్ చాలదనుకునేవాళ్లకు 7.2 లీటర్ల వి12 ఒకటి ఆర్డర్ మీద ఇచ్చేవారు. అది రేసు పడవల ఇంజిన్. 1993లో తయారీ ఆగిపోయేసరికి మొత్తం ఎల్ఎం002లు మూడు వందల పైచిలుకు మాత్రమే.