బాయిలో వేసే తాళంకప్పలు: అపోహలు, వాస్తవాలు

సింగరేణిలో భూగర్భ గని ఎలక్ట్రీషియన్‌ని. గనిని మేం బాయి అంటాం. కింద పంపులకు, స్విచ్‌లకు వేసే తాళంకప్పలతో రోజూ కుస్తీ మాదే.

అపోహ: ఇత్తడిది కొంటే తుప్పు బెంగ లేదు.

కప్ప ఇత్తడిదే, కానీ పైన వంపు కడ్డీ చాలావాటిలో ఉక్కుది, మీద క్రోమ్ పూత. పూత ఎక్కడ గీసుకుపోతే అక్కడ తుప్పు మొదలు. కడ్డీ కప్పలోకి దిగే చోట ఉబ్బి బిగుసుకుంటుంది. చెవి తిరుగుతుంది, తాళం ఊడదు. బొగ్గులో గంధకం ఉన్నచోట ఊట నీళ్లకు ఆమ్ల గుణం కూడా వస్తుంది. అక్కడ 316 స్టెయిన్‌లెస్ కడ్డీ అడగండి. మామూలు 304 రకంలో లేని, తుప్పును ఇంకా బాగా ఆపే మాలిబ్డినం అందులో ఉంటుంది.

అపోహ: బిగుసుకుంటే నూనె పోస్తే సరి.

నేనూ మొదట్లో పోశాను. రెండ్రోజులు వెన్నలా తిరిగింది. మూడో వారానికి చెవి సగం కూడా దిగలేదు. పైకి తెచ్చి కోసి చూస్తే లోపల కాటుకలాంటి ముద్ద. బొగ్గు పొడి, నూనె, వాటితోపాటు పేలుడు పాకకుండా గ్యాలరీల్లో, అంటే బాయి లోపలి దారుల్లో, చల్లే సున్నపురాయి పొడి. ఇక స్ప్రింగులు ఎలా కదులుతాయి? ఇప్పుడు పైన వర్క్‌షాప్‌లో కడిగి, గాలి కొట్టి, బాగా ఆరాక పొడి టెఫ్లాన్ స్ప్రే వేస్తాం.

అపోహ: రబ్బరు తొడుగు ఉంటే నీళ్లు పోవు.

పోతాయి, పోయినవి బయటికి రావు. కప్ప అడుగున నీళ్లు కారే చిల్లు ఉండాలి. చెవి రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీయండి, పైసా ఖర్చు లేదు.

అపోహ: పిన్నులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది.

పిన్నులంటే తాళం లోపల స్ప్రింగుల మీద ఉండి, సరైన చెవి పెడితేనే సరిగ్గా కుదిరే చిన్న కడ్డీలు. దొంగను ఆపడానికైతే సరే. బాయిలో స్ప్రింగున్న ప్రతి పిన్నూ పొడి ఇరుక్కునే చోటే. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన బిళ్లల తాళంలో పిన్నుల బదులు బిళ్లలు తిరుగుతాయి, వాటి వెనక స్ప్రింగులు ఉండవు. మురికిలో ఎక్కువ కాలం నిలిచేది అదే. ధర చూస్తే స్టోర్ వాళ్ల మొహం మాడుతుంది కాబట్టి మెయిన్ పంపు స్విచ్‌కు మాత్రం అడుగుతాను.

అపోహ: అల్యూమినియం లాకౌట్ తాళం తేలిక, తుప్పు పట్టదు, అదే మేలు.

లాకౌట్ తాళమంటే రిపేరు చేసేటప్పుడు ఎవరూ స్విచ్ వేయకుండా దానికి వేసేది. తుప్పు పట్టిన ఇనుముకు అల్యూమినియం గట్టిగా తగిలితే మీథేన్ అంటుకునేంత వేడి రవ్వ పుడుతుంది. గ్యాస్ ఉన్న బాయిలోకి అది దిగనే కూడదు. నైలాన్ కప్పతో వచ్చేవి ఉన్నాయి, స్టోర్‌కు పెట్టే ఇండెంట్‌లో (సామాను కోరే కాగితంలో) ఆ మాట స్పష్టంగా రాయండి.