మాటకు గీత ఎక్కడ గీయాలి?

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

"నాకు అనిపించింది అన్నాను, తప్పేంటి?" అని అడుగుతుంటారు కదా. చాలావరకు తప్పు లేదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) ఆ హక్కు ఇచ్చింది. హద్దులు 19(2)లో ఉన్నాయి. దేశ సార్వభౌమత్వం-సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహం, ప్రజాశాంతి, సభ్యత-నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం, ఈ ఎనిమిదే. వీటిని దాటి కొత్త కారణాలతో ఆంక్షలు పెట్టకూడదని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. "ఎవరికో కోపం వచ్చింది" అన్నది ఈ ఎనిమిదింటిలో లేదు, గమనించండి. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మన ఊరు అరిచినప్పుడు ఢిల్లీకి అది చేదుగానే ఉండి ఉంటుంది. అలాంటి మాటల కోసమే ఈ హక్కు.

గాజువాకలో ఒక టిఫిన్ కొట్టు ఉందనుకోండి. "ఇక్కడ ఇడ్లీ రాయిలా ఉంది" అని రాస్తే అది అభిప్రాయం. ఓనరుకి బాధే గానీ మీ తప్పేం లేదు.

"పులిసిపోయిన పాత పిండి కలుపుతున్నారు" అంటే సంగతి మారింది. అది నిజమో అబద్ధమో తేల్చదగ్గ ఆరోపణ, రుజువు అడుగుతారు. నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా జైలు. నిజమైతే చాలు అనుకుంటారు చాలామంది. క్రిమినల్ కేసులో అదొక్కటే చాలదు, దాన్ని బయటపెట్టడం జనం మేలు కోసం అయి ఉండాలి. తిండి సంగతి జనానికి కావాలి. అదే ఓనరు ఇంట్లో గొడవలు నిజమే అయినా ఊరికి అనవసరం. మాట వల్ల పరువు పోతే సివిల్ దావా, నష్టపరిహారం ఉండాలి గానీ జైలు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు ప్రశ్నించినవాళ్ల నోరు నొక్కడానికి ఆ సెక్షన్ వాటంగా ఉంటుంది. సుప్రీంకోర్టు మాత్రం 2016లో, అప్పటి పాత శిక్షాస్మృతిలో ఉన్న ఇలాంటి నిబంధననే సమర్థించింది.

"ఆ కులం వాళ్లంతా ఇంతే, ఊళ్లో ఉండనివ్వకూడదు" అంటే పిండి మాట పోయి, ఆ కొట్టుతో సంబంధమే లేని వేలమంది మీద పడ్డారన్నమాట. వర్గాల మధ్య వైరం రేపితే న్యాయ సంహిత సెక్షన్ 196, మూడేళ్ల దాకా శిక్ష. "సాయంత్రం 6 గంటలకి రండి, అద్దాలు పగలగొడదాం" అన్నారా, అది ఇక మాట కాదు, రాయి చేతికి అందించడమే. చర్చించడం, ఎంత నచ్చని వాదాన్నైనా సమర్థించడం ఒకటి, నేరానికి ఉసిగొల్పడం వేరు అని 2015 మార్చి 24న, ఆన్‌లైన్ పోస్టులకు జైలు శిక్ష వేసే ఐటీ చట్టం సెక్షన్ 66ఎ కొట్టేస్తూ సుప్రీంకోర్టు వివరించింది. నేనైతే గీత అక్కడే గీస్తాను.

పుకారు సంగతి ఇంకా చిక్కు. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు. అలాంటి చోట రాత్రిపూట "మళ్లీ లీకైంది, పారిపోండి" అని మెసేజ్ వస్తే? నిజమైతే ప్రాణాలు దక్కుతాయి. అబద్ధమైతే చీకట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు రోడ్డున పడి తొక్కిసలాట అవుతుంది. జనంలో భయం రేపే తప్పుడు వార్తలకు న్యాయ సంహితలో సెక్షన్ 353 ఉంది. అయితే నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా చెప్పినవాళ్లకు అందులోనే మినహాయింపు కూడా ఉంది. కాబట్టి వాసన వస్తే భయపడి నోరు మూసుకోకండి.

ముందు 112కి ఫోన్ చేయండి. తర్వాత రాసేటప్పుడు ఏ వీధి, ఎన్ని గంటలకు, మీరు స్వయంగా చూశారా, ఎవరైనా చెప్పగా విన్నారా అన్నది విడివిడిగా రాయండి. ఎక్కడినుంచో వచ్చిన పాత వీడియో జోడించకండి, నిజమైన కబురు కూడా దానితో అబద్ధమైపోతుంది. పొరపాటని తేలితే మెసేజ్ తీసేసి ఊరుకోవద్దు. మీ నుంచి తీసుకున్నవాళ్లు అప్పటికే పదిమందికి పంపి ఉంటారు. అదే గ్రూపులో, అంతే స్పష్టంగా, "నేను పంపింది తప్పు" అని వెంటనే రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య