హామిల్టన్ చిట్టాలో ఏముంది?

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండుతున్న వేళ, ఆ దేశాన్ని నిలబెట్టిన పెద్దమనుషుల్లో ఎవరింట్లో బానిసలుండేవారన్న తగువు మళ్లీ రాజుకుంది. వాషింగ్టన్, జెఫర్సన్‌ల విషయంలో వాదించడానికి ఏమీ మిగల్లేదు. గొడవంతా పది డాలర్ల నోటు మీదున్న తొలి ఖజానా మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ గురించే. ‘హామిల్టన్’ అనే 2015 నాటి బ్రాడ్‌వే సంగీత నాటకం పుణ్యమా అని ఆయన బానిసత్వానికి బద్ధశత్రువుగా కొత్త తరానికి పరిచయమయ్యాడు. 2020 అక్టోబరులో, న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో, ఒకప్పుడు హామిల్టన్ అత్తవారిల్లయిన స్కైలర్ మాన్షన్ మ్యూజియంలో పనిచేసే జెస్సీ సెర్ఫిలిప్పి ఆయన ఉత్తరాలనూ లెక్కల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివి, హామిల్టన్ మనుషుల్ని కొన్నాడనీ, తన ఇంట్లోనే ఉంచుకున్నాడనీ రాశారు.

హామిల్టన్ బాల్యం, యుద్ధం, ఖజానా, చివరికి రాజకీయ ప్రత్యర్థి ఏరన్ బర్ చేతిలో చావు నాటకం చూసినవాళ్లకు కంఠతా వచ్చు. ఈ తగువుకు కావలసింది అత్తిల్లు. 1780లో ఆయన ఎలిజబెత్‌ను పెళ్లాడాడు. మామగారు ఫిలిప్ స్కైలర్ ఆల్బనీ ప్రాంతంలో పెద్ద భూస్వామి. 1790 జనగణనలో ఆయన ఇంట్లో 13 మంది బానిసలున్నారు. అల్లుడు లాయరు, లెక్కల్లో దిట్ట. దాంతో అత్తింటివాళ్ల లావాదేవీలు ఒక్కొక్కటిగా ఆయన చేతికొచ్చాయి.

1784 నవంబరు 11న ఆయన ఫిలడెల్ఫియా వ్యాపారి జాన్ చలోనర్‌కు రాసిన ఉత్తరం చూడండి. వదినగారు, అంటే ఎలిజబెత్ అక్క, అంజెలికా యూరప్ వెళ్లే ముందు బెన్ అనే నల్లజాతి మనిషిని కొన్నేళ్ల గడువుకు మేజర్ జాక్సన్ అనే ఆయనకు అమ్మేసింది. ఇప్పుడు అతను మళ్లీ కావాలంటోంది. ఆ సంగతి మరదలు మార్గరీటా చెబితే హామిల్టన్ కలం పట్టాడు: జాక్సన్ ఒప్పుకుంటే బెన్ మిగిలిన గడువు కొనేసి, మనిషిని నా దగ్గరికి పంపండి. ఉత్తరమంతా మర్యాదగానే ఉంది. బెన్‌కు వెళ్లడం ఇష్టమేనా అని మాత్రం ఎక్కడా లేదు. జాక్సన్ అతన్ని వదలనన్నాడని చలోనర్ జవాబు రాశాడు.

హామిల్టన్ అభిమానులు దీన్ని సులువుగానే దాటేస్తారు. బంధువుల కోసం చేశాడు, అది ఏజెంటు పని అంటారు. 1797లో హామిల్టన్ నగదు పుస్తకంలో ఒక నల్లజాతి స్త్రీ, బిడ్డ పేరిట పడ్డ 225 డాలర్లు కూడా అంజెలికా భర్త, తోడల్లుడు జాన్ చర్చ్ ఖాతాలోవే కాబట్టి, అక్కడ వాళ్ల మాటకు బలముంది.

కానీ 1795 దగ్గర ఆ వాదన నిలవదు. అసలు మలుపు అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ ఏడాది జనవరిలో ఖజానా మంత్రి పదవి వదిలి, హామిల్టన్ న్యూయార్క్‌లో మళ్లీ ప్రాక్టీసు, కాపురం పెట్టాడు. ఆగస్టు 31న మామగారి ఉత్తరం వచ్చింది: నల్ల కుర్రాడినీ, స్త్రీనీ నీ కోసం మాట్లాడి ఉంచాను. మరుసటి ఏడాది హామిల్టన్ నగదు పుస్తకంలో స్కైలర్ ఖాతా కింద 250 డాలర్ల పద్దు పడింది. ఆయన నా కోసం కొన్న ఇద్దరు నల్ల నౌకర్ల నిమిత్తం అని దాని వివరం. వాళ్లనూ తోడల్లుడి కోసమే కొని ఉంటాడని కొందరంటారు. మరి ఆ తోడల్లుడు 1797 దాకా లండన్‌లోనే ఉన్నాడు. పైగా ఖజానా నడిపిన మనిషి ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో తెలియక తికమకపడ్డాడంటే నమ్మడం కష్టం.

ఇదంతా 2020 దాకా ఎలా మరుగున పడింది? నిజానికి పడలేదు. 1848లో భార్య ఎలిజబెత్ ఆయన కాగితాలను ప్రభుత్వానికి 20,000 డాలర్లకు ఇచ్చింది. కొడుకు జాన్ చర్చ్ హామిల్టన్ ఉత్తరాలు అచ్చువేయించి, తండ్రి చరిత్ర కూడా తానే రాశాడు. నాన్నగారు ఒక్క బానిసనూ ఉంచుకోలేదనీ, పైగా పనిమనిషిని యజమాని అమ్మబోతుంటే డబ్బిచ్చి విడిపించారనీ అందులో చెప్పాడు. ఆ మాటే చెలామణి అయింది. 1910లో మనవడు అలన్ మెక్‌లేన్ హామిల్టన్ అది అబద్ధమని తేల్చేశాడు. తాత తన కోసమూ, ఇతరుల కోసమూ బానిసల్ని కొన్నట్టు పద్దులున్నాయని రాశాడు. ఇంటివాడే చెప్పినా ఎవరూ చెవికెక్కించుకోలేదు. ఇప్పుడు ఆ నగదు పుస్తకం పేజీలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, న్యూజెర్సీలో కూర్చున్నా, నెల్లూరులో కూర్చున్నా.

2004లో హామిల్టన్ జీవితచరిత్ర రాసిన రాన్ చెర్నో ఈ పరిశోధనను మెచ్చుకుంటూనే, బానిసత్వానికి వ్యతిరేకంగా ఆయన చేసిన పని ఇందులో కనబడలేదని నొచ్చుకున్నాడు. కానీ హామిల్టన్ మరణానంతరం తీసిన ఆస్తి లెక్కలో ఇల్లు, సామాను, పుస్తకాలతో పాటు నౌకర్లకు 400 పౌండ్లని కట్టారు. జీతానికి పనిచేసేవాళ్లకు ఎవరూ వెల కట్టరు.

ఇక మిగిలింది, ఆ రోజులే అలాంటివి అన్న వాదన. బెన్ గురించి ఉత్తరం రాసిన మూడు నెలలకు, 1785 ఫిబ్రవరిలో, హామిల్టన్ న్యూయార్క్ బానిస విమోచన సంఘం సమావేశానికి వెళ్లాడు. సభ్యుల్లో చాలామందికి బానిసలున్నారు. ముందు మనవాళ్లు తమ ఇళ్లలోని వాళ్లను ఎలా వదలాలో చెప్పమని సంఘం ఒక కమిటీ వేసి, హామిల్టన్‌కు పెద్దరికం ఇచ్చింది. 45 దాటినవాళ్లను వెంటనే, మిగతావాళ్లను వయసును బట్టి గడువు పెట్టి విడుదల చేయాలని కమిటీ చెప్పింది. సంఘం ఒప్పుకోలేదు. మామగారికి 250 డాలర్లు కట్టింది ఆ తర్వాత పదకొండేళ్లకు.