93, త్సాదీ, స్టార్ కార్డు: థెలీమా పఠనంలో కొన్ని అపోహలు

థెలీమా అనే మతాన్ని స్థాపించిన ఆంగ్ల మార్మికుడు అలిస్టర్ క్రౌలీ 1904 ఏప్రిల్‌లో కైరోలో మూడు రోజుల పాటు, ఐవాస్ అనే స్వరం చెబుతుండగా రాసుకున్నానన్న ‘బుక్ ఆఫ్ ద లా’లో 220 వాక్యాలున్నాయి. వాటి మీద అల్లుకున్న అపోహలు అంతకంటే ఎక్కువే.

అపోహ: థెలీమా వారు తరచూ వాడే 93 హీబ్రూ లెక్క.
కాదు, అక్షరానికో విలువ ఇచ్చే గ్రీకు లెక్క. థెలీమా అంటే సంకల్పం. తీటా 9, ఎప్సిలాన్ 5, లామ్డా 30, ఈటా 8, మ్యూ 40, ఆల్ఫా 1. కూడితే 93. ప్రేమకు గ్రీకు మాట అగాపే కూడా 93. ఏ లిపో, ఏ వర్ణక్రమమో ముందుగా చెప్పకుండా మొత్తం మాత్రమే చూపించేవారిని నేను నమ్మను.

అపోహ: సంఖ్యలు కలిస్తే అర్థం రుజువైనట్టే.
హీబ్రూలో అహవా (ప్రేమ) 13, ఎఖాద్ (ఒకటి) 13. ప్రేమే ఏకత్వమని మురిసిపోతాం. దెఆగా కూడా 13. దాని అర్థం దిగులు! దాన్ని మాత్రం ఎవరూ ఉదాహరించరు. అక్షరాలతో సంఖ్యలు సూచించే మన కటపయాదిలో దారి వేరు: కర్ణాటక సంగీతంలో ధీరశంకరాభరణం 29వ మేళమని తెలియాలనే ఆ పేరుకు ముందు ‘ధీర’ చేర్చారు. గెమాట్రియాలో, అంటే మాటల అక్షరాల విలువలు కూడి పోల్చే ఈ పద్ధతిలో, మాట ముందే ఉంటుంది. దాని సంఖ్య పట్టుకుని మనం చుట్టాలను వెతుకుతాం. ఆ చుట్టరికాన్ని గ్రంథంలోని సందర్భం ఒప్పుకోవాలి.

అపోహ: జోస్యానికి వాడే టారో కార్డులు హీబ్రూ అక్షరాలతోనే పుట్టాయి.
15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో అవి ఆడుకునే పేకముక్కలు. 22 కార్డులకు 22 అక్షరాలను జతచేయడం 18వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో మొదలైంది.

అపోహ: క్రౌలీ టారో కార్డుల్లో స్టార్, ఎంపరర్ అక్షరాలు తారుమారు కావడం అచ్చుతప్పు.
కావాలనే మార్చారు. ‘బుక్ ఆఫ్ ద లా’ మొదటి అధ్యాయం 57వ వాక్యం పాత అక్షరాలన్నీ సరైనవేనంటూనే, త్సాదీ అనే హీబ్రూ అక్షరం నక్షత్రం (స్టార్) కాదంటుంది. గోల్డెన్ డాన్ అనే మార్మిక సంఘం పద్ధతిలో స్టార్‌కు త్సాదీ, ఎంపరర్‌కు హే. క్రౌలీ ఈ రెండు అక్షరాలను ఇటుదటు చేశారు. కార్డుల సంఖ్యలు (17, 4), రాశులు (కుంభం, మేషం) అలాగే ఉన్నాయి. సమర్థనగా రెండు వాదాలు చెప్పారు. జార్, సీజర్ అనే బిరుదుల్లో త్సాదీ ధ్వని ఉందన్నది ఒకటి. నాకది బలహీనంగా తోస్తుంది. రెండోది రాశిచక్రానికి సంబంధించింది. స్ట్రెంగ్త్, జస్టిస్ కార్డుల స్థానాలు 8, 11 మధ్య అంతకుముందే మారాయి. వాటి రాశులు సింహం, తుల, మధ్యలో కన్య. అక్కడ పడిన మెలికకు చక్రంలో సరిగ్గా ఎదురుగా, మీనానికి అటూ ఇటూ ఉన్న కుంభం, మేషాల దగ్గర మరో మెలిక పడితే తూకం కుదురుతుంది. కాగితం మీద చక్రం గీసి చూడండి, ఈ వాదం బలం తెలుస్తుంది. అయినా ఈ మార్పును ఒప్పుకోని థెలీమైట్లూ ఉన్నారు.

అపోహ: రెండో అధ్యాయం 76వ వాక్యం చిక్కుముడి విడిపోయింది.
అంకెలు, అక్షరాలు కలగలిసిన ఆ వరుస అర్థం ప్రవక్తకు (అంటే క్రౌలీకి) ఎన్నటికీ తెలియదని, తర్వాత వచ్చేవాడు విప్పుతాడని గ్రంథమే అంటుంది. క్రౌలీ శిష్యుడు చార్లెస్ స్టాన్స్‌ఫెల్డ్ జోన్స్ కనిపెట్టిన 31 (అలెఫ్ 1, లామెద్ 30) తాళంచెవిని క్రౌలీ మెచ్చుకుని గ్రంథం పేరులో ‘ఏఎల్’ చేర్చారు. అది గ్రంథానికి తాళంచెవి. ఆ వరుసలోని ప్రతి అంకెకూ జవాబు కాదు. పూర్తిగా విప్పానంటూ ఎవరైనా వస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: అంకెల్లో చివరగా వచ్చే 24, 89లను ఏం చేశారు?