మందు చేతికిచ్చే ముందు ఒక్క నిమిషం

గుంటూరు, కొత్తపేట

ప్రియమైన పిల్లలూ,

ఇంటర్ ఫలితాలు వచ్చాక మన వీధిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే టెన్షన్. ఎంబీబీఎస్ సీటు రాదని తేలితే చాలు, "సరే, ఫార్మసీలో పడేద్దాం" అంటున్నారు పెద్దవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఉద్యోగకాలమంతా ఆసుపత్రి మందుల కౌంటర్లో నిలబడ్డదాన్ని. ఆ పని విలువ మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు చదువు సంగతి. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉంటే డీఫార్మసీకి, అంటే ఫార్మసీ డిప్లొమాకి, అర్హులే. ఎంపీసీ పిల్లలు కూడా చేరొచ్చని చాలా ఇళ్ళల్లో తెలియదు. రెండేళ్ళ చదువు, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. డిప్లొమా అయ్యాక ఎగ్జిట్ పరీక్ష పెట్టాలని 2022లో నిబంధనలు వచ్చాయి, చేరేముందే కాలేజీలో దాని గురించి అడగండి. ఇవన్నీ అయ్యాక రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్లో పేరు నమోదైతేనే మీరు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. నాలుగేళ్ళ డిగ్రీ బీఫార్మసీకి ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ఉంది. డిప్లొమా పూర్తిచేసినవాళ్ళు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకోకుండా మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

ఇక పని. మన కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో సాయంత్రం ఓపీ వేళకి ఏదైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. డాక్టరు చీటీ తీసుకుంటారు, బిళ్ళల షీటు కత్తిరిస్తారు, కవర్లో వేస్తారు, డబ్బులు తీసుకుంటారు. పని అంతే అనిపిస్తుంది. మంచి ఫార్మసిస్టు చేసే అసలు పని ఆ కవర్ చేతికిచ్చే ముందు ఒక్క నిమిషంలో ఉంటుంది.

ఇన్సులిన్‌నే తీసుకోండి. మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి. దానికి వాడాల్సింది ఎర్ర మూత సిరంజి. మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కి వాడాల్సింది నారింజ రంగు మూత సిరంజి. ఏ సిరంజి మీది గీతలు ఆ మందు లెక్కకే సరిపోతాయి. పొరపాటున 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి వెళ్ళేది 25 యూనిట్లు. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. సీసా, సిరంజి రెండూ పక్కపక్కన పెట్టి చూపించి ఇస్తే ఆ ప్రమాదం ఉండదు. ఎండాకాలమైతే ఐస్ ప్యాక్ పెట్టివ్వాలి, ఇంటికెళ్ళాక ఫ్రిజ్‌లో పెట్టమని, డీప్ ఫ్రీజర్లో పెట్టొద్దని కూడా చెప్పాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

ఇంకో మందు మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ల్యాబులో నడిపించిన బృందం చేసిన మందు అది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోమని రాస్తారు. మిగతా బిళ్ళల్లాగే అనుకుని రోజూ మింగితే నోరంతా పుళ్ళు లేస్తాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని "వారానికోసారి వేసుకోండమ్మా" అని చెప్పి ఊరుకోవద్దు. "ఏ రోజు వేసుకుంటారు?" అని అడగండి. పల్నాడు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దావిడ "రోజూ రాత్రి అన్నం తిన్నాక" అందనుకోండి, మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నే ఆవిణ్ణి కాపాడినట్టు. ఆవిడ "సోమవారం" అనేదాకా చెప్పండి, కవరు మీద పెద్ద అక్షరాలతో "సోమవారం మాత్రమే" అని రాయండి. చదువు రానివాళ్ళయితే వెంట వచ్చినవాళ్ళని పిలిచి మళ్ళీ చెప్పండి. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

చీటీ అర్థం కాకపోతే ఊహించి ఇవ్వకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. కొత్తలో భయమేస్తుంది. డాక్టరు కసురుకున్నా సరే, చేయాల్సిందే.

యాంటీబయాటిక్స్ దగ్గర గట్టిగా ఉండాలి. వాటిలో చాలా మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద, అంటే చీటీ ఉంటేనే ఇచ్చి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో, ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నీ రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. తెలిసినవాళ్ళే వచ్చి "చీటీ లేదు, రెండు బిళ్ళలివ్వమ్మా" అంటారు. లేదని చెప్పడం మొహమాటంగానే ఉంటుంది. అయినా ఇవ్వకండి.

ఒక విషయం నన్ను ఎప్పటినుంచో బాధపెడుతోంది. కొందరు తమ సర్టిఫికెట్‌ని షాపుకి అద్దెకిచ్చి, నెలనెలా డబ్బు తీసుకుంటూ వేరే పనులు చేసుకుంటారు. గోడ మీద వాళ్ళ ఫొటో ఉంటుంది, కౌంటర్లో ఏ చదువూ లేని కుర్రాడు ఉంటాడు. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. రేపు మీరూ అలా అద్దెకిస్తే, అక్కడ ఎవరికైనా తప్పు మందు వెళ్ళినప్పుడు గోడ మీద ఉండేది మీ పేరే. ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి.

జీతం గురించి దాచను. ప్రైవేటు షాపులో మొదట్లో తక్కువే ఇస్తారు, కాళ్ళు పీకేలా నిలబడాలి. కానీ ఎదిగే దారులు చాలా ఉన్నాయి. పెద్దాసుపత్రుల ఫార్మసీలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టు పోస్టులు, మందుల కంపెనీలు, కొన్నేళ్ళు గడిచాక లైసెన్సు తీసుకుని సొంత షాపు. నా మాట వింటే మొదటి రెండేళ్ళూ ఆసుపత్రిలోనే చేయండి. ఐసీయూకి వెళ్ళే మందులు, నైట్ డ్యూటీలో వచ్చే కేసులు చూస్తే నేర్చుకున్నంత మామూలు షాపులో నేర్చుకోలేరు.

ట్రైనింగ్ సంతకాలకే పరిమితమయ్యే చోటుకి వెళ్ళకండి. ట్రైనింగ్ పిల్లల్ని రోగులతో మాట్లాడనిచ్చే ఆసుపత్రులు నాకు కొన్ని తెలుసు. కావాల్సినవాళ్ళు ఏ సాయంత్రమైనా మా ఇంటికి రండి, చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ