పోర్ట్ ఓపెన్ చేసినా కెమెరా ఎందుకు కనబడదు?

ఇంట్లో సీసీ కెమెరాను ఊరి బయట నుంచి చూసుకోవాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టిన చాలామందికి ఒకటే టెన్షన్. సెట్టింగులన్నీ సరిగ్గానే ఉంటాయి, పోర్ట్ (సమాచారం వచ్చిపోయే నంబరు దారి) మాత్రం తెరుచుకోదు. చిక్కు మొదలైంది 1981లో.

ఆ ఏడాది ఖరారైన ఐపీవీ4 అనే ఇంటర్నెట్ చిరునామాల ప్రమాణం ఒక్కో చిరునామాకు 32 బిట్లు ఇచ్చింది. అంటే ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లు. అప్పట్లో పంపకం ఎంత ధారాళంగా సాగిందంటే, అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం ఒక్కదానికే 1.6 కోట్లకు పైగా దక్కాయి. 1990ల మొదట్లోనే కొరత తప్పదని తేలిపోయింది. 1994లో వచ్చిన నాట్ పద్ధతిని (చాలా పరికరాలు ఒకే చిరునామాను పంచుకునే ఏర్పాటును) తాత్కాలిక ఉపాయంగానే ప్రతిపాదించారు. 1996లో 192.168తో మొదలయ్యేవాటి లాంటి ప్రైవేటు చిరునామాలను ఎవరైనా లోపల వాడుకునేలా ఖరారు చేశారు.

ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటికి ఒక్క చిరునామాయే కనబడేది నాట్ వల్లే. లోపలి నుంచి వెళ్లిన ప్రతి అభ్యర్థననూ రౌటర్ ఒక పట్టికలో రాసుకుని, జవాబును సరైన పరికరానికి అందిస్తుంది. బయటి నుంచి పిలవకుండా వచ్చినదాన్ని ఎవరికివ్వాలో తెలియక వదిలేస్తుంది. ఫలానా పోర్టుకు వచ్చినదాన్ని ఫలానా కెమెరాకు పంపమని ఆ పట్టికలో మనం చేత్తో రాసే వరుసే పోర్ట్ ఫార్వార్డింగ్.

2011 ఫిబ్రవరిలో ఐపీవీ4 చిరునామాల ప్రపంచ ఉమ్మడి నిల్వ నిండుకుంది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతంలో ఏప్రిల్ నుంచే రేషన్ మొదలైంది. మన ఊళ్లలో చాలా ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది ఆ తర్వాతే. అందుకే చాలా నెట్ కంపెనీలు తమ దగ్గర మరో నాట్ పెట్టి, వందల ఇళ్లను ఒకే చిరునామా వెనక ఉంచుతున్నాయి. ఆ పెద్ద పట్టికలో రాసే హక్కు మనకు లేదు. ముందొచ్చినవాళ్లు కోట్లకొద్దీ పట్టుకెళితే, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఒక్క స్టాటిక్ ఐపీకి (మారని సొంత చిరునామాకు) నెలనెలా అదనంగా కట్టాల్సి రావడం అన్యాయమే.

మీ రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 వరకు ఉన్నా, 10తో మొదలైనా మీరు కంపెనీ నాట్ అనే ఆ రెండో గోడ వెనక ఉన్నట్టే. కంపెనీని పబ్లిక్ ఐపీ (బయటికి నేరుగా కనబడే చిరునామా) అడగండి. లేదా 1998లోనే ప్రమాణంగా వచ్చిన 128 బిట్ల ఐపీవీ6 మీ కనెక్షన్‌లో ఉందేమో చూడండి. అందులో ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఉంటుంది కాబట్టి ఫార్వార్డింగ్ అక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే రౌటర్ కాపలాలో) అనుమతిస్తే చాలు. అయితే చూసే ఫోన్‌కూ ఐపీవీ6 ఉండాలి. ఏ దారిలోనైనా కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్‌ను ముందే మార్చండి. 2016లో మిరాయ్ మాల్వేర్ లక్షల పరికరాల్లోకి చొరబడింది అలాంటి పాస్‌వర్డ్‌లతోనే.