చెయ్యి వణికితే కళ్ళెందుకు చూశారంటే

గాజువాకలో మా పెద్దమ్మ మనవడు ఇంటర్ సెకండియర్‌లో ఉండగా, ముత్యాల్లా రాసే గుంటడు, రాత కోడి కెలికినట్టు అయిపోయింది. తర్వాత మాట ముద్దగా రావడం, సొంగ కారడం, అయినదానికీ కానిదానికీ కోపం. చదువు టెన్షన్ అన్నారు, ఫోన్ వల్ల అన్నారు, దిష్టి కూడా తీయించారు. అలా ఏడాది పోయింది, ఆ ఏడాది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

చివరికి ఒక న్యూరాలజిస్టు ముందు కళ్ళు చూపించుకురమ్మన్నారు. స్లిట్ ల్యాంప్‌లో, అంటే కంటి డాక్టర్లు వాడే మైక్రోస్కోపులో చూస్తే నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో ఒక ఉంగరం. రాగి అది. జబ్బు పేరు విల్సన్ డిసీజ్, సుమారు 30,000 మందిలో ఒకరికి వస్తుందని లెక్క.

మనం తినే తిండిలో రోజుకి 1, 2 మిల్లీగ్రాముల రాగి ఒంట్లోకి పోతుంది, కావాల్సింది వాడుకుని మిగిలింది లివర్ పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. ఆ తోసే పనికి ఏటీపీ7బీ అనే జీన్ కావాలి, అమ్మ నుంచి వచ్చిన కాపీ, నాన్న నుంచి వచ్చిన కాపీ రెండూ చెడిపోయి ఉంటే రాగి లివర్లోనే పేరుకుంటూ పోయి, అక్కడ పట్టక రక్తంలో కలిసి మెదడుకి, ముఖ్యంగా కదలికల్ని అదుపులో పెట్టే బేసల్ గాంగ్లియాకి చేరుతుంది. అందుకే పుట్టుకతో ఉన్న లోపమైనా వణుకు చాలామందికి టీనేజ్‌లోనో ఇరవైల్లోనో బయటపడుతుంది. 1912లో లండన్‌లో కిన్నియర్ విల్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి రాసేనాటికి మందే లేదు. 1956లో జాన్ వాల్ష్ అనే డాక్టరు పెనిసిలమిన్ అనే మందు ఇచ్చి చూశాడు, అది రాగిని పట్టుకుని మూత్రంలో బయటికి తెచ్చేస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బుల్లో ఇలా మందు ఉన్నవి చాలా తక్కువండీ, అందుకే ఇంతలా చెప్తున్నా.

వాడి అమ్మానాన్నలు, అంటే మా అక్కా బావలది మేనరికం. ఒకే తాత దగ్గర్నుంచి అదే చెడ్డ కాపీ ఇద్దరికీ వచ్చే అవకాశం మేనరికంలో ఎక్కువ, వాళ్ళకి మాత్రం ఏ జబ్బూ ఉండదు, పుట్టే ప్రతి బిడ్డకీ 25 శాతం ఛాన్స్. ఇందులో అక్క తప్పేం లేదు. డాక్టరే వాడి చెల్లికి కూడా టెస్ట్ చేయించమన్నారు, రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి. పిల్లకి ఒక్క లక్షణం లేదు, రిపోర్టులో మాత్రం అదే జబ్బు. జింక్ మాత్రలు మొదలెట్టారు, అవి పేగుల్లోనే రాగిని ఆపేస్తాయి. దాని చెయ్యి ఇప్పటిదాకా వణకలేదు.

వాడికి మందు మొదలెట్టిన కొత్తలో వణుకు ఇంకా పెరిగి అందరం హడలిపోయాం, కొంతమందికి అలా అవుతుందట, అందుకే డోసు మెల్లగా పెంచుతారు. ఇప్పుడు చాలా నయం, మాట ఇంకా కొంచెం తడబడుతుంది. హార్బర్ నుంచి తెచ్చే రొయ్యలు, పీతలు, కార్జం, పలాస జీడిపప్పు వాడికి పెట్టట్లేదు, పెద్దమ్మ రోజూ నీళ్ళు పోసి ఉంచే రాగి చెంబు అటకెక్కింది. చెంబు వల్ల జబ్బు రాలేదు, అలాగని పథ్యం ఒక్కటే చాలదు కూడా. మాత్రలు జీవితాంతం, బాగానే ఉన్నాం కదా అని ఆపేస్తే లివర్ ఫెయిలై ప్రాణం మీదకి వస్తుంది.